లైటు వెయ్యకుండా ఒంటరిగా సెల్లార్‌లోకి వెళ్ళే హీరోయిన్లు: మీకు భయమా, చిరాకా?

బెళ్ళందూరు బాబాయ్:
మొన్న శనివారం మా పీజీ వాళ్ళం ఆరుగురం సెకండ్ షోకి వెళ్ళాం. దెయ్యం సినిమా. సెల్లార్‌లో ఏదో చప్పుడైందని హీరోయిన్ ఒక్కతే బయలుదేరింది. చేతిలో ఫోనుంది, టార్చ్ వెయ్యదు. పక్కనే స్విచ్ ఉంది, దాని వంక చూడదు. వెనక వరసలోంచి ఒకాయన, "అమ్మా తల్లీ, లైటెయ్యి, కరెంటు బిల్లు నేను కడతా" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత పదినిమిషాలు దెయ్యం ఎంత కష్టపడ్డా ఎవరూ భయపడలేదు. పాత్రలు ఇలా తెలివితక్కువ పనులు చేస్తే మీకు టెన్షన్ పెరుగుతుందా, మొత్తం పోతుందా?

కేఆర్ పురం కోడలు:
నాకు చిరాకే. పైగా మా ఇంట్లో ఓటీటీలో చూస్తుంటే అత్తయ్యగారి కామెంటరీ వేరే. పోయినసారి అంత పెద్ద బంగళా చవగ్గా అద్దెకు దొరికిందని హీరో సంబరపడుతుంటే, "బెంగళూరులో పదినెలల అడ్వాన్సు అడగని ఓనరు మనిషే కాదు, అప్పుడే తెలుసుకోవాల్సింది" అన్నారు. ఆవిడ పక్కనుంటే హారర్ సినిమా కూడా కామెడీయే.

సెకండ్‌షో సుబ్బులు:
అన్ని తప్పులూ ఒకటి కాదు బాబాయ్. చంద్రముఖి కథలో అందరూ వద్దన్న గది తలుపు గంగ తెరిచింది కదా, ఆమెను ఎవరైనా తిట్టారా? ఆ పాత కథ మీద ఆమెకున్న మోజు మనకు ముందే తెలుసు కాబట్టి, తెరవకపోతేనే వింతగా ఉంటుంది. 1993లో మలయాళంలో, 2004లో కన్నడ ఆప్తమిత్రలో, 2005లో చంద్రముఖిలో అదే తలుపు తెరిచారు, జనం ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చూశారు. ఆప్తమిత్రలో గంగ మన సౌందర్యే. ఆవిడ పోయిన కొన్ని నెలలకు విడుదలైంది. మా ఆఫీసులో కన్నడ వాళ్ళు ఆ సినిమా సంగతి ఎత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.
కథకి అవసరమని మాత్రమే "విడివిడిగా వెతుకుదాం" అనేవాళ్ళున్నారే, వాళ్ళు పోయినా నాకు బాధుండదు.

పాత సీడీల షాపు:
1996లో వచ్చిన ఇంగ్లీషు హారర్ సినిమా స్క్రీమ్‌లో దీని మీదే ఒక చురక ఉంది. బయటి తలుపు వైపు పరిగెత్తకుండా మేడమెట్లు ఎక్కే అమ్మాయిలంటే చిరాకని హీరోయిన్ ఫోన్లో వెక్కిరిస్తుంది. కాసేపటికి హంతకుడు మీద పడతాడు. తలుపుకి తనే వేసుకున్న గొలుసు అడ్డం. ఇక చచ్చినట్టు మేడమెట్లే!

జేపీ నగర్ నైట్‌షిఫ్ట్:
నేనిది ఎవరికీ చెప్పలేదు. థియేటర్లో అందరికన్నా గట్టిగా అరిచేది నేనే. ఒకరోజు షిఫ్ట్ అయ్యి తెల్లవారుజామున మూడింటికి ఇంటికొచ్చా. రూమ్మేట్ ఊరెళ్ళాడు. వంటింటి వెనక యుటిలిటీలో ఎవరో గోడకేసి గుడ్డ కొడుతున్నట్టు చప్పుడు. ఫోను ఛార్జింగ్‌లో పెట్టేసి, చపాతీ కర్ర పట్టుకుని, చెప్పుల్లేకుండా చీకట్లో నడిచా. పైగా "ఎవరూ?" అని అడిగా. దొంగైతే పేరు చెప్తాడా!
లైటు ఎందుకు వెయ్యలేదో తర్వాత ఆలోచించా. వేస్తే లోపలున్నవాడికి నేను కనిపిస్తానని భయం. ఆ నిమిషంలో అది చాలా తెలివైన ఆలోచనలా అనిపించింది.
వలలో ఇరుక్కున్న పావురం. నా అరుపుకి పక్క ఫ్లాట్ వాళ్ళు లేచారు.

సెకండ్‌షో సుబ్బులు:
హహ్హహ్హ! నీకు వెనక మ్యూజిక్ వినిపించలేదు కదన్నా, అదీ సంగతి. మనకు వయొలిన్ ముందే హెచ్చరిస్తుంది, పాపం ఆ హీరోయిన్‌కి వినపడేది చప్పుడొక్కటే.

హిందూపురం పెద్దాయన:
మీరంతా చిన్నవాళ్ళు. తొంభైల్లో ఇదే బెంగళూరులో ఇళ్ళ తలుపుల మీద "నాళె బా" అని, అంటే కన్నడంలో "రేపు రా" అని రాసుకున్నారు. రాత్రిపూట దెయ్యం అయినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని పుకారు. మా పల్లెలో "ఓ స్త్రీ రేపు రా" అని రాశాం. చాక్‌పీసు తెచ్చింది నేనే. సినిమావాళ్ళలా "పోనీ చూసొద్దాం" అన్నవాడు మా వీధిలో ఒక్కడు లేడు. సొంత బావమరిది వచ్చి తలుపు కొట్టినా తెల్లారేదాకా అరుగు మీదే పడుకున్నాడు. ఇక్కడ శ్రీరాంపురంలో మా పిన్ని వాళ్ళింటికి బిల్లు వసూలుకొచ్చిన పేపరబ్బాయి, తలుపు మీద రాసింది చదివి మర్నాడొచ్చాడట. నమ్మడం మీ ఇష్టం.

బెళ్ళందూరు బాబాయ్:
పెద్దాయనా, మా ఓనరు అద్దెకొచ్చే రోజు ఆ బోర్డు నాకు కావాలి.

కేఆర్ పురం కోడలు:
అత్తయ్యగారికి పావురం కథ చదివి వినిపించా. దొంగ గురించి, భయం గురించి అంతా ఓపిగ్గా విన్నారు. చివరికి, "అయినా లైటెయ్యాలి కదా" అన్నారు.