“రంగు మార్చుకున్నాయి” అనవచ్చునా?

చెన్నై పెరంబూరులో ఆదివారాలు మన పిల్లలకు తెలుగు చెబుతుంటాను. మొన్న ఏడో తరగతి పాప ఇలా రాసింది: “పొగకు చెట్లు నల్లబడితే చిమ్మటలు రంగు మార్చుకున్నాయి.” వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. విషయం ప్రకారం “మార్చుకున్నాయి” దగ్గర పెద్ద తప్పే ఉంది. పెద్దలం మనమూ అలాగే రాస్తున్నాం.

చిమ్మట అంటే ఇక్కడ కీచురాయి కాదు, దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు. ఇంగ్లండులో ఒక రకం చిమ్మటకు తెల్లని రెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. 1848లో మాంచెస్టర్‌లో పూర్తిగా నల్లది ఒకటి దొరికింది. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. ఆ రెండేళ్ల నడుమ, 1848కీ 1895కీ మధ్య, ఏ ఒక్క చిమ్మటా రంగు మార్చుకోలేదు. తెల్లగా పుట్టినది తెల్లగానే చచ్చింది. మసిపట్టిన మానుల మీద తెల్లవి పిట్టల కంటపడ్డాయి. నల్లవి ఎక్కువగా మిగిలి గుడ్లు పెట్టాయి, ఆ నలుపు పిల్లలకు వచ్చింది. మారింది గుంపులో తెల్లవాటికీ నల్లవాటికీ ఉన్న లెక్క.

“వండింది” వేరు, “వండుకుంది” వేరు కదా. “కొను” చేరగానే తన కోసం తానే చేసినట్టవుతుంది. ఊసరవెల్లికి అది సరిపోతుంది, చిమ్మటకు సరిపోదు.

వ్యాఖ్య: “నిప్పు అంటుకుంది”, “ముల్లు గుచ్చుకుంది” అంటాం. నిప్పుకూ ముల్లుకూ ఉద్దేశం ఉందా అండీ?

జవాబు: మంచి ప్రశ్న అండీ. ఆ వాక్యాల్లో కర్మ లేదు. “రంగు” అనే కర్మను చేర్చి “రంగు మార్చుకుంది” అంటే మాత్రం చేసినవాళ్లు ఉన్నట్టే వినిపిస్తుంది.

వ్యాఖ్య: మా పక్కింటి తమిళ పాప కూడా “మాట్రిక్కొండదు” అనే రాసిందండీ. వాళ్ల “కొళ్” మన “కొను”కు తోబుట్టువే. ఆ మాటకొస్తే, ఇలా పరిసరాలకు తగినవి మిగిలి పెరగడానికి డార్విన్ పెట్టిన పేరు (నేచురల్ సెలెక్షన్) మన పుస్తకాల్లో “ప్రకృతి వరణం” అయింది, అందులోనూ ఇదే చిక్కు. స్వయంవరంలో వరించే కన్య ఉంటుంది, ఇక్కడ ఎవరున్నారు?

జవాబు: సరిగ్గా ఈ అభ్యంతరంతోనే 1866లో, అదే సిద్ధాంతాన్ని విడిగా కనుగొన్న శాస్త్రవేత్త వాలెస్ డార్విన్‌కు జాబు రాశాడు, ఎంపిక అంటే ఎంచేవారు ఉన్నారనుకుంటారని. అయినా “వరణం” పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది, దాన్ని కదపలేం. క్రియను దిద్దడం మన చేతిలో ఉంది. “చిమ్మటల్లో నల్లవి పెరిగాయి” అంటే చాలు. 1956లో బ్రిటన్‌లో గాలి శుద్ధికి చట్టం వచ్చింది, ఆ తరువాత మసి తగ్గుతూ వచ్చి నల్లవీ తగ్గాయి. వచ్చే ఆదివారం పిల్లలచేత ఆ భాగం రాయిస్తాను, “కొను” లేకుండా.