సమస్యాపూరణం: కారమే లేక కన్నీరు కారుచుండె

నిర్వాహకుడు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య భోజనాల బల్ల మీద పుట్టింది. పోయిన ఆదివారం మా ఊళ్ళో ఎనిమిది మందిమి కలిసి ఒక చైనీస్ హోటల్‌కి వెళ్ళాం. పేరు చెప్పను. స్వీట్ కార్న్ సూప్, వెజ్ మంచూరియా, హక్కా నూడుల్స్, ఎగ్ ఫ్రైడ్ రైస్ తెప్పించుకున్నాం. అందరిదీ ఒకే బల్ల, వండినవాడూ ఒక్కడే. అయినా లేచేసరికి ఎనిమిది అభిప్రాయాలు. నాకు వచ్చిన మంచూరియా ఉండని చెంచాతో నొక్కితే రబ్బరు బంతిలా మళ్ళీ పైకి లేచింది. విరిచి చూస్తే లోపల తెల్లగా పచ్చి పిండి. నా ఎదుట కూర్చున్న పెద్దాయన మాత్రం ఫ్రైడ్ రైస్ చివరి మెతుకు దాకా తిని, ప్లేటు పక్కకి జరిపి, కాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. బాగుందో లేదో ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి ఈ పాదం రాసుకున్నాను. తేటగీతి పద్యానికి ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

కారమే లేక కన్నీరు కారుచుండె

ఒక షరతు. ఏం తిన్నారో పద్యంలో కనపడాలి. "రుచి అమోఘం", "రుచి అధమం" అని ఊరుకుంటే ఒప్పుకోను. తిట్టేవారు కూడా తిన్నదేమిటో చెప్పి తిట్టాలి.

గుంటూరు మాస్టారు:

పుట్టి గుంటూరు మిరపలోఁ బొరలినట్టి
నాలుకకు నీళ్ళ సూపేమి నచ్చుననుచు
నూరగాయను దలచుచు నుంటి నయ్య
కారమే లేక కన్నీరు కారుచుండె

నిర్వాహకుడు:

మాస్టారూ, ధార హాయిగా ఉంది. "మిరపలోఁ బొరలినట్టి" దగ్గర సరళాదేశం చేసి ("పొ"ని "బొ"గా మార్చి) కూడా యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి, నిలబెట్టారు. ఈ సమస్యకి సగం మంది రాయబోయే పూరణ ఇదే, మీరు ముందే రాసేశారు. "నీళ్ళ సూపు" అన్న మాటలో గిన్నె అడుగు కనిపించింది.

అభ్యంతరం విషయం మీద. మీరు అడిగింది స్వీట్ కార్న్ సూప్. అది తియ్యగా, నెమ్మదిగా ఉండవలసిన వంటకం. కారం కావాలంటే మాంచో గానీ హాట్ అండ్ సోర్ గానీ అడగాలి. మనవాళ్ళు చాలామంది సూప్‌ని రసంతో పోల్చి నిరాశపడతారు. నీళ్ళగా ఉందన్న ఫిర్యాదు న్యాయమైనది, ఎందుకంటే ఆ సూప్‌లో కార్న్‌ఫ్లోర్ చిక్కదనం, గిలకొట్టిన గుడ్డు దారాలు తేలాలి. చప్పగా ఉందన్న ఫిర్యాదు మాత్రం దానికి వర్తించదు.

కాకినాడ తమ్ముడు:

అంకుల్, ఆ హోటళ్ళలో అజినమోటో గుప్పిస్తారు కదా. అందుకే నాలుక మొద్దుబారి రుచి తెలియదంటారు. దాని మీదే రాద్దామనుకుంటున్నాను.

నిర్వాహకుడు:

రాయి బాబూ, కానీ తెలుసుకుని రాయి. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు ఉడికించిన నీళ్ళలో ఆ రుచి ఎక్కడిదా అని వెతికి గ్లూటమేట్‌ని పట్టుకున్నాడు. అజినమోటోలో ఉండేది అదే. మన పండు టమాటాలో కూడా అది సహజంగానే ఉంటుంది. నా కోపం ఆ పొడి మీద కాదు. కూరగాయలు గానీ ఎముకలు గానీ ఉడికించి సూప్‌కి సారం తీయాల్సిన పని మానేసి, వేడినీళ్ళలో ఆ పొడి కలిపి పోసేవాళ్ళ మీద. మాస్టారి నీళ్ళ సూపు వెనక అదే ఉందని నా అనుమానం.

కొత్తపేట చెల్లెమ్మ:

అన్నయ్యా, నాది హోటల్ కాదు, సాయంత్రం పూట మా వీధి చివర పెట్టే చైనీస్ ఫాస్ట్ ఫుడ్ బండి. పర్వాలేదా?

చప్పగానున్న నూడుల్సె చాలుననగ
పక్క మంటపై మిరపలు పడిన ఘాటు
పొగయి లేచి నా బిడ్డను పొడిచె నకట
కారమే లేక కన్నీరు కారుచుండె

నిర్వాహకుడు:

పర్వాలేదా అని అడుగుతారేమిటమ్మా! ఈ వారంలో సమస్యని విప్పడంలో ఇది అన్నిటికన్నా సూటిగా ఉంది. ప్లేటులో కారం లేదు, కంట్లో ఉంది. బండి దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ ఇది తెలుసు. పొయ్యి బుస్సుమంటూ ఉంటుంది, బాణలి అంచు దాటి మంట లోపలికి దూకుతుంది, పచ్చిమిర్చి తరుగు పడగానే వీధి వీధంతా దగ్గుతుంది. ఆ మంట లేకపోతే నూడుల్స్‌కి ఆ కాలిన వాసన రాదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద ఎంత శ్రద్ధగా చేసినా బండి రుచి రాకపోవడానికి సగం కారణం అదే.

"నూడుల్సె" మీద ఎవరైనా అడ్డుపడవచ్చు. బస్సు, గ్లాసు ఎలా ఉకారాంతాలయ్యాయో నూడుల్సు కూడా అంతే. నాకు అభ్యంతరం లేదు.

గుంటూరు మాస్టారు:

అమ్మాయీ, నా పూరణ కంటే నీదే బాగుంది. "పొడిచె" అన్న క్రియ సరిగ్గా పడింది. పాప ఎలా ఉంది?

కొత్తపేట చెల్లెమ్మ:

బాగుంది మాస్టారూ. బండబ్బాయి వెంటనే నీళ్ళ సీసా ఇచ్చాడు. డార్జిలింగ్ నుంచి వచ్చాడట, తెలుగు రెండు ముక్కలే వచ్చు. "కళ్ళు కడుగు, కళ్ళు కడుగు" అన్నాడు.

మిచిగన్ అన్నయ్య:

నేను అమెరికా వచ్చిన కొత్తలో జరిగింది. డిసెంబరు నెల, ఊళ్ళో ఒకే ఒక్క చైనీస్ హోటల్.

మంచు కురిసెడి యూరిలో మంచురియను
నడుగ నదియేమి యనిరయ్య యచటివారు
తీపి చికెనొండు పెట్టిరి తినగ లేను
కారమే లేక కన్నీరు కారుచుండె

నిర్వాహకుడు:

మంచు, మంచురియ: యమకం వినగానే నవ్వొచ్చింది, మూడో పాదానికి వచ్చేసరికి నవ్వు పోయింది. దీర్ఘం కుదించి "మంచురియ" అనడం కవిత్వపు వెసులుబాటు కింద ఒప్పుకుంటున్నాను, యమకం కోసం ఆ మాత్రం ఇవ్వవచ్చు. "చికెనొండు" మాత్రం చెవికి గరుకుగా ఉంది.

వాళ్ళకి మంచూరియా తెలియకపోవడం సహజం. మంచూరియా అన్నది చైనా ఈశాన్య ప్రాంతానికి పేరే గాని, ఆ వంటకం పుట్టింది బొంబాయిలో. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో చేశాడు. ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పోపులాగానే వేసి, గరం మసాలాకి బదులు సోయా సాస్, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ వాడాడు. మీకు పెట్టిన తియ్యటి చికెన్ జనరల్ సో చికెన్ అయి ఉంటుంది. హునాన్ వంటవాడు పెంగ్ చాంగ్ క్వే తైవాన్‌లో మొదట చేసినప్పుడు అందులో తీపి లేదు, న్యూయార్క్ వెళ్ళాక చేరింది. అక్కడి నాలుకకి అక్కడ తీపి చేర్చారు, మన నాలుకకి ఇక్కడ పచ్చిమిర్చి చేర్చారు. రెండూ ఊరు విడిచి వచ్చినవాళ్ళ చేతి వంటలే. ఆ సంగతి తెలిసి మీ పద్యం మళ్ళీ చదివితే, బల్లకి ఆ పక్క నిలబడ్డవాడు కూడా మీలాగే ఇంటికి దూరంగా ఉన్నాడేమో అనిపించింది.

కాకినాడ తమ్ముడు:

అంకుల్, మొదటిసారి రాస్తున్నాను. మొదటి పాదం ఇంతవరకు వచ్చింది. "ఎర్రరంగున మంచూరియా తెచ్చినాడు". సరిపోయిందా?

నిర్వాహకుడు:

పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం గురువు, తక్కువ సేపు పట్టేది లఘువు, వాటి గుంపు గణం. ఆ లెక్కన విడదీసి చూద్దాం. ఎర్ర – హగణం, సరే. రంగున – భగణం, సరే. మంచూరి – తగణం, సరే. తరవాత "యాతె" దగ్గర రెండు గురువులు పక్కపక్కన వచ్చాయి. నాలుగో చోట సూర్యగణం, అంటే గురువు తరవాత లఘువు గానీ, మూడు లఘువులు గానీ ఉండాలి. యతి కూడా తప్పింది. మంచూరియా అన్న మాట పొడవు, దాన్ని రెండు గణాల్లోకి సర్దు. "రంగు మం", "చూరియా" రెండూ రగణాలు. ఎకారానికి ఇకారంతో మైత్రి ఉంది కనుక "ఇచ్చె" వాడుకోవచ్చు.

కాకినాడ తమ్ముడు:

దొరికింది!

ఎర్ర రంగు మంచూరియా నిచ్చె నకట
కొరికి చూచిన గోబియే కొంత లేదు
పిండి ముద్దకె యంతటి బిల్లు చూచి
కారమే లేక కన్నీరు కారుచుండె

నిర్వాహకుడు:

శభాష్ తమ్ముడూ. గణాలు, యతులు నాలుగు పాదాల్లోనూ కుదిరాయి. "కొరికి చూచిన గోబియే కొంత లేదు" అన్న పాదానికి నా పూర్తి మద్దతు, ఆదివారం నేను విరిచి చూసింది అదే. "కొంత" కన్నా బలమైన మాట దొరికితే మార్చు. ఎర్ర రంగు ప్రస్తావన మంచిది. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధం పెట్టింది. ఎండు మిరపకాయలు నానబెట్టి రుబ్బితే వచ్చే ఎరుపు వేరు, చేతికి అంటుకుని సబ్బుతో కడిగినా పోని ఎరుపు వేరు. తినేవాడు వేళ్ళు చూసుకుంటే తెలిసిపోతుంది.

ఖరగ్‌పూర్ బాబాయి:

రైల్వేలో చేసి ఇక్కడే స్థిరపడ్డాను. కలకత్తా వెళ్ళినప్పుడల్లా అక్కడి చైనీయుల పేట టాంగ్రాలో భోజనం చేస్తాను. చాలా ఏళ్ళ కిందట అక్కడ ఒక చిన్న హోటల్లో విన్న మాట ఇది.

సూపు వడ్డించి ముసలమ్మ చూపె తనదు
తండ్రి చిత్రము, దేవ్లీకి తరలినట్టి
నాటి మాటలు వినగానె నాకు నేడు
కారమే లేక కన్నీరు కారుచుండె

మిచిగన్ అన్నయ్య:

బాబాయ్, దేవ్లీ అంటే ఏమిటి?

ఖరగ్‌పూర్ బాబాయి:

రాజస్థాన్‌లో ఊరు నాయనా. 1962 యుద్ధం వచ్చినప్పుడు చైనా మూలాలున్న మనదేశపు కుటుంబాలని, సుమారు 3,000 మందిని, అస్సాం నుంచీ డార్జిలింగ్ వైపు నుంచీ రైళ్ళెక్కించి అక్కడి శిబిరంలో పెట్టారు. కొందరు ఏళ్ళ తరబడి ఉండిపోయారు. తిరిగొచ్చేసరికి ఇళ్ళూ దుకాణాలూ పోయాయి. ఆవిడ తండ్రి తోలు పనివాడట. టాంగ్రాలో హక్కా చైనీయులకి తోలు శుద్ధి చేసే పనే అప్పట్లో జీవనం. 1996లో సుప్రీం కోర్టు ఆ కార్ఖానాలని ఊరి బయటికి పంపమన్నాక చాలా కుటుంబాలకి వంటే దిక్కయింది. ఆవిడ ఇదంతా బెంగాలీలో చెప్పింది, గిన్నె తుడుస్తూ, గొంతు పెంచకుండా. సూప్ బాగుంది. ఆ రోజు నేను మిరప వెనిగర్ సీసా ముట్టుకోలేదు.

నిర్వాహకుడు:

బాబాయ్ గారూ, ఈ పూరణకి ఏం దిద్దను. సూపు–చూపె యతి సహజంగా పడింది. "చిత్రము" బదులు "ఫోటో" అన్నా నాకు ఇష్టమే, కానీ గణం కుదరదు. ఒక్క సూచన: "నేడు" వల్ల ఇప్పుడు జరుగుతున్నట్టుంది, మీరేమో ఏళ్ళ కిందటి మాట అంటున్నారు. అయినా తలుచుకున్నప్పుడల్లా నేడే కదా. ఉంచేయండి.

రాజమండ్రి చెల్లెమ్మ:

అన్నయ్యా, ఆదివారం మీ బల్ల దగ్గర నేనూ ఉన్నాను. మీ ఎదుట కూర్చున్నది మా నాన్నగారు. ఆయనకి కడుపులో పుండు. ఏడాదిగా కారం ముట్టలేదు. ఎక్కడికీ రానంటే నేనే బలవంతాన తీసుకొచ్చాను. మీరంతా మాటల్లో ఉన్నప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగాను. వంటబ్బాయి పని ఆపి, వాడుతున్న బాణలి పక్కన పెట్టేసి, కడిగిన వేరే బాణలి తీశాడు. మిరియాలు కూడా వేయలేదు. రెండు గుడ్లు, ఉల్లికాడలు, ఫ్రిజ్‌లో ఉన్న చల్లటి అన్నం, అంతే. మెతుకు మెతుకు విడిపోయింది. బిల్లులో అదనంగా ఏమీ రాయలేదు.

కడుపు మంటతో నున్న మా కన్నతండ్రి
కొరకు వేరె బాణలి పెట్టి గుడ్డు వేచె
వంటవాని యా మనసుకు వందనమ్ము
కారమే లేక కన్నీరు కారుచుండె

నిర్వాహకుడు:

చెల్లెమ్మా, ఆ రోజు నేను హోటల్ బయట చెప్పులేసుకుంటూ "ఇంకెప్పుడూ రాకూడదు" అన్నాను. నువ్వు విని కూడా ఏమీ అనలేదు. నాకు వచ్చిన మంచూరియా పచ్చిగా ఉన్నది నిజం, అది వెనక్కి తీసుకోను. మీ నాన్నగారు అంతసేపు మాట్లాడకుండా ఎందుకు కూర్చున్నారో ఇప్పుడు తెలిసింది. ఏడాది తరవాత నలుగురిలో కూర్చుని, భయపడకుండా తిన్న పూట అది.

ఛందస్సులో దోషం లేదు. "కొరకు వేరె బాణలి పెట్టి" ఈ వారానికి ఉత్తమ పాదం. "కారమే లేక" అన్న మాట మిగిలిన పూరణలన్నిటిలో లోటు, నీ పద్యంలో అది కోరి అడిగి చేయించుకున్నది. ఈ ఆదివారం నాన్నగారిని మళ్ళీ తీసుకురా, నేనూ వస్తాను. ఆ అబ్బాయి పేరు అడగాలి. మంచూరియా సంగతి కూడా అతనికే నెమ్మదిగా చెప్తాను: ఉండలు చిన్నవి చేసి, నూనె బాగా కాగాక రెండుసార్లు వేయించమని.

వచ్చే వారం సమస్య, ఆటవెలది. సూప్ వన్ బై టూ చెప్పేవాళ్ళందరికీ:

ఒకటె రెండు గాగ నొకటి మిగిలె