నా పేపర్లు ఇద్దరి పేరు మీద ఉన్నాయి, కలిపేదెలా?

నాది న్యూరోసైన్స్, హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం) మీద పని. పీహెచ్‌డీ రోజుల్లో ఇంటిపేరు ముందు పెట్టి పొడి అక్షరాలతో పేపర్లు వేశాను. 2019 నుంచి పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు చివర పెడుతున్నాను. (మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందేగా!) దాంతో ఒక సైటేషన్ డేటాబేస్‌లో (ఏ పేపర్‌ను ఎన్ని పేపర్లు ఉదహరించాయో లెక్కపెట్టేది) నేను ఇద్దరినయ్యాను. ఒకరికి 14 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 9 (అంటే కనీసం 9 సైటేషన్లున్న పేపర్లు 9). ఇంకొకరికి 8 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 6. అన్నీ కలిపి చేత్తో లెక్కేస్తే 11 సైటేషన్లకు తగ్గనివి సరిగ్గా 11 ఉన్నాయి, అంటే హెచ్-ఇండెక్స్ 11 రావాలి.

ఓర్కిడ్‌లో (ORCID, పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు నంబరు) 22 పేపర్లూ చేర్చి లింక్ చేశాను. కలపమని డేటాబేస్ వాళ్లకు రిక్వెస్ట్ పెడితే మూడు వారాలకు 'సంస్థలు వేరు, రుజువు కావాలి' అన్నారు. పాస్‌పోర్టు పేజీ, పేపర్ల మొదటి పేజీలు జతచేసి మళ్లీ పంపినా అదే జవాబు. 30న గ్రాంట్ అప్లికేషన్‌కు గడువు, టెన్షన్‌గా ఉంది.

ఇలా రెండు ప్రొఫైళ్లు కలిపించుకున్నవాళ్లుంటే, మీరు ఏ రుజువు పంపాక వాళ్లు ఒప్పుకున్నారో చెప్తారా?