హన్మకొండ చౌరస్తాలో అవ్వ, చిన్నపాప: ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్తే. రోజూ కాజీపేట నుంచి హన్మకొండకు డ్యూటీకి వస్తాను. చౌరస్తా దగ్గర నెల రోజులుగా ఒక అవ్వ, ఏడెనిమిదేళ్ల మనవరాలితో కూర్చొని అడుక్కుంటోంది. మొదట్లో పదో ఇరవయ్యో ఇచ్చేదాన్ని. మొన్న సాయంత్రం ఒకతను బండి మీద వచ్చి, గిన్నెలో ఉన్న చిల్లరంతా ఊడ్చుకుపోవడం కళ్లారా చూశాను. కొడుకో, ఇంకెవరో తెలియదు. అప్పటి నుంచి డబ్బులు మానేసి ఇడ్లీలు, అరటిపళ్లు ఇస్తున్నా. పాప సగం తిని, మిగతాది అవ్వ కొంగులో మూట కడుతుంది. బడికి పోతావా బిడ్డా అంటే తల దించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లల కోసం 1098, పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్లు ఉన్నాయని తెలుసు. కానీ ఫోన్ చేస్తే పాపను హోమ్‌లో పెట్టి, అవ్వను ఒంటరిని చేస్తారేమోనని టెన్షన్. భిక్షాటన నివారణ చట్టం 1977లోనే వచ్చింది, దాని కింద ముసలామెను పట్టుకుపోతే ఆ పాపం నాదే.

వరంగల్, హన్మకొండ వైపు ఎవరైనా 1098కి చేసి ఉంటే, తర్వాత ఏం జరిగిందో చెప్పండి. ఇద్దరినీ కలిపి ఉంచే దారి ఉందా? ఆ బండి మనిషి సంగతి కూడా ఫోన్‌లోనే చెప్పాలా? ఎండలు ముదరకముందే ఏదో ఒకటి చేయాలి.