ఓఎస్‌జీఐ ఉండగా మళ్లీ స్క్రిప్టులు ఎందుకు?

యార్డ్‌రోడ్: గుంటూరులో కోల్డ్ స్టోరేజీల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది, కరాఫ్ అనే జావా సర్వర్ మీద నడుస్తుంది, ప్రోగ్రామ్‌ని బండిల్స్ అనే విడి ముక్కలుగా పెట్టే ఓఎస్‌జీఐ పద్ధతి దానిది. మిర్చి సీజన్ వస్తే చాలు, టిక్కీకి (మిర్చి బస్తాకి) అద్దె, హమాలీ, తరుగు లెక్కలు ఒక్కో స్టోరేజీలో ఒక్కోలా మారుతుంటాయి. వాటిని జావా మీద నడిచే గ్రూవీ భాషలో స్క్రిప్టులుగా బయట పెట్టేద్దామని నేను, వద్దని మా లీడ్. మీరేమంటారు?

బెంజిసర్కిల్: మీ లీడ్ చెప్పిందే కరెక్ట్. సర్వర్ ఆపకుండా ఒక్క బండిల్‌ని మార్చుకోవడానికేగా ఓఎస్‌జీఐ పెట్టుకున్నది? లెక్కలన్నీ ఓ చిన్న బండిల్‌లో పెట్టి అదొక్కటే అప్‌డేట్ చేస్తే పోయేదానికి ఇంకో భాష తగిలించుకోవడం దేనికండీ. జావాతో పాటే ఇచ్చిన జావాస్క్రిప్ట్ ఇంజిన్ నాషార్న్ సంగతి తెలుసుగా, జావా 8లో వచ్చింది, 11లో డిప్రికేట్ చేశారు (ఇక వాడొద్దన్నారు), 15లో తీసేశారు. జావా మీద నడిచే పైథాన్, అదే జైథాన్, ఇంకా పైథాన్ 2.7 దగ్గరే ఉంది.

యార్డ్‌రోడ్: గ్రూవీ జేడీకేతో (జావా కిట్‌తో) వచ్చేది కాదు కదా, నాషార్న్‌తో పోలికేంటి? సరే, బండిల్ అన్నారు, రాత్రి పదకొండింటికి లారీ గేటు దగ్గర ఆగి ఉంటే అకౌంట్స్ చూసే కుర్రాడు మేవెన్ బిల్డ్ కొట్టి కొత్త బండిల్ తయారు చేస్తాడా? స్క్రిప్టయితే ఫోన్లో చెప్పి ఒక లైను మార్పించొచ్చు. ఒక్కటే తలనొప్పి, జావాలో స్క్రిప్ట్ భాషల్ని వెతికిచ్చే స్క్రిప్ట్ ఇంజిన్ మేనేజర్‌ని గ్రూవీ అడిగితే నల్ ఇస్తోంది, అంటే దొరకలేదంటోంది.

పాతజావా: ఇస్తుంది మరి. ఆ మేనేజర్ థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌లో (నడుస్తున్న థ్రెడ్‌కి క్లాసులు తెచ్చిచ్చే లోడర్‌లో) వెతుకుతుంది, ఓఎస్‌జీఐలో ఏ బండిల్ లోడర్ దానిదే. ఈ చిక్కు సర్దే ఏరీస్ స్పై ఫ్లై పెట్టుకోవచ్చు గానీ, మీకు గ్రూవీ ఒక్కటే కావాలి కాబట్టి స్క్రిప్టుని నడిపే గ్రూవీషెల్‌ని నేరుగా తయారు చేసి మీ బండిల్ లోడర్‌ని దానికివ్వండి. అసలు చిక్కు తర్వాత వస్తుంది. బండిల్ కట్టే బీఎన్‌డీ టూల్ బైట్‌కోడ్ (కంపైలైన కోడ్) చూసి ఇంపోర్ట్‌లు, అంటే బయటి నుంచి కావాల్సిన ప్యాకేజీల జాబితా, రాస్తుంది, స్క్రిప్టులో మీరు వాడిన ప్యాకేజీ దానికి కనపడదు, బిల్డ్ పచ్చగా ఉంటుంది, బిల్లు వేసేటప్పుడు క్లాస్ దొరకలేదంటుంది. అందరూ అక్కడ డైనమిక్ ఇంపోర్ట్‌కి స్టార్ (ఏ ప్యాకేజీ అయినా సరే అని) పెట్టేస్తారు, దాంతో మాడ్యూల్స్ మధ్య కట్టిన గోడలన్నీ కూలిపోతాయి. అలా చేయొద్దు, స్క్రిప్టుకి రెండు మూడు ఆబ్జెక్టులు బైండ్ చేసి వదిలేయండి. ఇంకోటి, ప్రతి బిల్లుకీ స్క్రిప్టుని మళ్లీ కంపైల్ చేస్తే కొత్త క్లాసులు పోగుపడి మెటాస్పేస్ (క్లాసులుండే మెమరీ) నిండుతుంది, ఒకసారి కంపైల్ చేసి దాచుకోండి.

బెంజిసర్కిల్: మరి ఆ కుర్రాడు స్క్రిప్టులో సర్వర్‌నే ఆపేసే సిస్టమ్ ఎగ్జిట్ రాస్తే? అలాంటివి అడ్డుకునే సెక్యూరిటీ మేనేజర్ జావా 17లో డిప్రికేట్ అయింది, 24కి పూర్తిగా పనిచేయకుండా చేశారు. ఆపేవాడు ఎవడూ లేడు.

పాతజావా: గ్రూవీలో స్క్రిప్టు ఏం వాడొచ్చో కట్టడి చేసే సెక్యూర్ ఏఎస్‌టీ కస్టమైజర్ ఉంది, కానీ కావాలని తప్పించుకునేవాణ్ణి అది ఆపలేదు. బయటివాళ్లు రాసే స్క్రిప్టులైతే నేనూ వద్దనే అంటాను, ఇక్కడ రాసేది సొంత మనుషులు.

యార్డ్‌రోడ్: అద్దె, హమాలీ డేటాబేస్ టేబుల్‌లో పెట్టేస్తా, అవి ఉత్త అంకెలే. తరుగులో తేమ, నిల్వ నెలలు అంటూ షరతులు ఎక్కువ, అదొక్కటే స్క్రిప్టు.

బెంజిసర్కిల్: ఆ ఒక్కదానికి గ్రూవీ మొత్తం లోపలికి తెస్తారా? నేనైతే ఒప్పుకోను బ్రో.