వన్యప్రాణి సంరక్షణ కేంద్రం అసలైనదో కాదో ముందే తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:
విహారయాత్రలో భాగంగా పిల్లలతో కలిసి ఒక వన్యప్రాణి సంరక్షణ కేంద్రాన్ని చూడాలనుకుంటున్నాము. పులిపిల్లను ఒడిలో పెట్టుకొని ఫొటో దిగవచ్చని ఒక కేంద్రం, ఏనుగుకు స్నానం చేయించవచ్చని మరొకటి ప్రకటించుకుంటున్నాయి. అన్నీ తమను సంరక్షణ కేంద్రాలుగానే చెప్పుకుంటున్నప్పుడు, టికెట్టు కొనేముందే తేడా గుర్తించడం ఎలాగో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
పులిపిల్ల ఒడిలో పట్టేది కొన్ని నెలలే కనుక, ఏడాది పొడవునా పిల్లలను చూపించే చోట అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి, పెరిగాక ఎక్కడికి పోతున్నాయి అని అడగండి. థాయిలాండ్‌లో పర్యాటకులు పులుల పక్కన కూర్చుని ఫొటోలు దిగిన ‘టైగర్ టెంపుల్’ నుంచి 2016లో అధికారులు 137 పులులను తరలించినప్పుడు, అక్కడి ఫ్రీజరులో 40 పులికూనల కళేబరాలు బయటపడ్డాయి. ఆ ఫొటోలు దిగినవారిలో చాలామంది జంతుప్రేమికులే అయి ఉంటారు.

రెండవ సమాధానం:
మలేసియాలోని సెపిలోక్‌లో 1964 నుంచి అనాథ ఒరాంగుటాన్‌లను (మనిషిని పోలిన పెద్ద వానరాలను) పెంచి అడవికి అలవాటు చేస్తున్నారు. సందర్శకులు దూరంగా నిలబడి చూడాలి. మేత వేళకు ఒక్క ఒరాంగుటాన్ కూడా రాకపోవచ్చు. అడవిలోనే తిండి దొరుకుతున్నదనడానికి అది మంచి సూచన. మన జలుబు, దగ్గు వాటికీ సోకుతాయి కాబట్టి, పిల్లలకు ఒంట్లో బాగాలేని రోజున వెళ్ళకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే మనుషులు జంతువులను ముట్టుకుంటున్నారంటే అది మోసమేనని అనుకోవచ్చా?

మూడవ సమాధానం:
అలా తేల్చలేమండీ. నైరోబీలోని షెల్డ్రిక్ సంస్థలో తల్లిని కోల్పోయిన ఏనుగు గున్నల పక్కనే సంరక్షకులు రాత్రిళ్ళు పడుకుంటారు, ఎందుకంటే ఒంటరితనంతో అవి కుంగిపోతాయి. సందర్శకులకు మాత్రం రోజుకు ఒక గంటే అనుమతి ఉంటుంది. ముట్టుకోవడం జంతువు అవసరం కోసమా, టికెట్టు కొన్నవారి ముచ్చట కోసమా అన్నదే చూడవలసింది. ఏనుగు తన స్నానం తానే చేసుకోగలదు కదా! అడవికి తిరిగి పంపలేని గాయపడిన జంతువులను జీవితాంతం ఉంచుకునే మంచి కేంద్రాలూ ఉన్నాయి. అక్కడ మనుషుల కంట పడకుండా దాక్కునే చోటు వాటికి ఉందో లేదో గమనించండి. ఇలాంటి కేంద్రాలను పరిశీలించి గుర్తింపునిచ్చే ‘గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్’ అనే సంస్థ గుర్తింపు ఉందేమో కూడా చూడవచ్చు. అయితే చిన్న కేంద్రాలకు అది లేనంత మాత్రాన అనుమానించనక్కరలేదు.