ఇంటిని కొద్ది రాత్రుల అద్దెకు ఇవ్వాలంటే ముందుగా ఏ నిబంధనలు చూసుకోవాలి?

ప్రశ్న – మేడమీది గది

మేము ఉంటున్న ఇంట్లో పై అంతస్తున ఒక గది, దానికి విడిగా స్నానాల గది ఖాళీగా ఉన్నాయి. ఇది కాక మరో పేటలో మాకొక ఫ్లాట్ ఉంది, అందులో అద్దెకున్నవారు రెండు నెలల క్రితం ఖాళీ చేశారు. ఈ రెండింటినీ పర్యాటకులకు రెండు మూడు రాత్రుల చొప్పున ఇవ్వాలని అనుకుంటున్నాము. బుకింగ్ వెబ్‌సైటులో వివరాలు నింపితే, ఏ అనుమతి పత్రమూ అడగకుండానే ప్రకటన ప్రచురించడానికి సిద్ధమైంది. అంటే మా ప్రాంతంలో దీనికి అభ్యంతరం లేనట్టేనా? లేక పురపాలక సంఘం నుంచి విడిగా అనుమతి తీసుకోవాలా? తీసుకోవలసి వస్తే రెండు చోట్లకూ ఒకే దరఖాస్తు సరిపోతుందా? అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

జవాబు – పాత దస్తావేజు

వెబ్‌సైటు అడగలేదు కాబట్టి అనుమతి అక్కరలేదని మాత్రం అనుకోకండి. చాలా చోట్ల నియమాన్ని పాటించే బాధ్యత యజమానిదే. జరిమానా నోటీసు వచ్చేదీ మీ పేరు మీదే. కొన్ని నగరాలు ఇప్పుడు ఆ భారాన్ని వెబ్‌సైట్ల మీద కూడా పెడుతున్నాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ లేని ఇంటికి సంబంధించిన లావాదేవీని బుకింగ్ సంస్థ జరపకూడదు.

ఇక మీ రెండు ఇళ్ల సంగతి. మీ దృష్టిలో రెండూ ఖాళీ స్థలాలే కావచ్చు గాని, నియమం దృష్టిలో అవి పూర్తిగా వేరువేరు జాతులు. ఊరి జనం నెలల తరబడి, ఏళ్ల తరబడి అద్దెకు ఉండవలసిన ఇళ్లు పర్యాటకుల బసలుగా మారిపోతే అద్దె ఇళ్లు కరువవుతాయన్న భయం నుంచి ఈ నిబంధనల్లో ఎక్కువ భాగం పుట్టింది. అందువల్ల అధికారులు మొట్టమొదట అడిగేది మీరు అక్కడ నివసిస్తున్నారా అని, ఆ తరువాత అతిథి ఉన్న రోజుల్లో మీరు కూడా ఇంట్లో ఉంటారా అని. న్యూయార్క్‌లో 30 రోజులకు తక్కువైన అద్దెకు యజమాని అదే ఇంట్లో అతిథితో పాటు ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. పారిస్‌లో సొంత నివాసాన్ని ఏడాదికి 120 రాత్రుల వరకు ఇవ్వనిచ్చేవారు, 2025 నుంచి దాన్ని 90కి తగ్గించారు. యజమాని నివసించని రెండో ఇంటికైతే వినియోగ మార్పు అనుమతి, అంటే నివాసాన్ని పర్యాటకుల బసగా మార్చుకునే అనుమతి కావాలి, అది దొరకడం చాలా కష్టం. ఈ లెక్కన మీ మేడమీది గదికి దారి దొరకవచ్చు, ఫ్లాటుకు దొరక్కపోవచ్చు. సాధారణంగా ఏ ఇంటి దరఖాస్తు ఆ ఇంటిదే.

అయితే యజమాని ఇంట్లో ఉంటే అన్ని చోట్లా చెల్లుతుందని కూడా లేదు. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లలో ఒక గది ఇచ్చినా సరే, అద్దె కనీసం వరుసగా మూడు నెలలు ఉండి తీరాలి.

జవాబు – రెండో తాళం

పైవారు చెప్పినదంతా నిజమే, కాని అది సగమే. నేను నగర పాలక సంస్థ అనుమతి తీసుకుని, తనిఖీ కూడా పూర్తి చేయించుకుని, ఆరు బుకింగులు వచ్చిన తరువాత మా అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం నియమావళి తెరిచి చూశాను. ఏ ఫ్లాటునూ నెల రోజుల కంటే తక్కువ కాలానికి అద్దెకు ఇవ్వరాదని అందులో స్పష్టంగా ఉంది. అనుమతి పత్రం తీసుకెళ్లి చూపిస్తే, అది ప్రభుత్వం మిమ్మల్ని అడ్డుకోదని చెప్పే కాగితమే గాని మా నియమావళిని రద్దు చేసే కాగితం కాదని సంఘం కార్యదర్శి మర్యాదగానే చెప్పారు. ఆరు బుకింగులూ రద్దు చేసి, డబ్బు వాపసు ఇచ్చి, చెడ్డ సమీక్షలు మూటగట్టుకున్నాను. దరఖాస్తు రుసుము తిరిగి రాలేదు.

కాబట్టి ఫ్లాటు విషయంలో సంఘం నియమావళినే ముందు చదవండి, అది ఖర్చు లేని పని. దాని మీద గృహరుణం ఉంటే రుణ ఒప్పందాన్ని కూడా చూడండి, ఎందుకంటే యజమాని స్వయంగా నివసించాలన్న షరతుతో ఇచ్చే రుణాలు ఉంటాయి. బీమా మరీ ముఖ్యం. మామూలు గృహబీమా చాలా సందర్భాల్లో డబ్బు తీసుకుని అతిథులను ఉంచడాన్ని వ్యాపారంగా లెక్కగట్టి, ఆ సమయంలో జరిగిన నష్టానికి పరిహారం నిరాకరిస్తుంది. మెట్ల మీద అతిథి జారిపడ్డాక ఈ సంగతి తెలియడం కంటే ముందే రాతపూర్వకంగా అడగడం నయం.

జవాబు – రాత్రుల లెక్క

ఏడాదికి ఇన్ని రాత్రులన్న పరిమితి మీ ఊళ్లో ఉంటే, లెక్కపెట్టే పద్ధతి జాగ్రత్తగా చూడండి. లండన్‌లో ఇంటిని మొత్తంగా ఇస్తే, స్థానిక సంస్థ ఇచ్చే ప్రణాళికా అనుమతి లేకుండా క్యాలెండర్ సంవత్సరంలో 90 రాత్రులు దాటకూడదు. ఒక వెబ్‌సైటు తన ద్వారా జరిగిన రాత్రులను లెక్కపెట్టి ఆపివేయవచ్చు గాని, అదే ఇంటిని మీరు మరో వెబ్‌సైటులో పెట్టినా, తెలిసినవారికి నేరుగా ఇచ్చినా ఆ రాత్రులు దాని లెక్కలోకి రావు. చట్టం లెక్కలోకి మాత్రం వస్తాయి. జపాన్‌లో 2018 జూన్‌లో అమలులోకి వచ్చిన చట్టం ఏడాదికి 180 రోజులు అనుమతిస్తుంది, కాని దాన్ని ఇంకా బిగించే అధికారం స్థానిక సంస్థలకు ఉంది. క్యోటో నగరం నివాసాలకే కేటాయించిన ప్రాంతాల్లో ఆ అవకాశాన్ని జనవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకే పరిమితం చేసింది. దేశ చట్టం చదివి ఊరుకుంటే మోసపోయేది ఇక్కడే.

పన్ను గురించి ఒక మాట. బస పన్నును వెబ్‌సైటే వసూలు చేసి కడుతుందని చాలామంది ధీమాగా ఉంటారు. కొన్ని చోట్ల అది నిజం, కొన్ని చోట్ల కాదు. నిజమైన చోట కూడా మీ ఆదాయపు పన్ను మీదే. అతిథుల వివరాలను పోలీసులకు తెలియజేయాలన్న నియమాన్ని కూడా మరచిపోకండి. ఇటలీలో అతిథి చేరిన 24 గంటల్లోగా ఆ పని చేయాలి.

ప్రశ్న వేసినవారు – మేడమీది గది

అందరికీ కృతజ్ఞతలు. ఫ్లాటు సంఘం నియమావళి తెప్పించి చూశాను. మూడు నెలలకు తక్కువ అద్దె నిషేధమని ఉంది, కాబట్టి దాన్ని మునుపటిలాగే ఏడాది ఒప్పందానికి ఇచ్చేస్తాము. పై గదికి దరఖాస్తు పెట్టాలంటే పొగ అలారం, మంటలార్పే సిలిండరు, బయటకు దారి చూపే పటం అడుగుతున్నారు, అవి అర్థమయ్యాయి. ఫిర్యాదు వస్తే గంటలోగా స్పందించగల స్థానిక వ్యక్తి పేరు, ఫోన్ నంబరు కూడా ఇవ్వమన్నారు. మేమే ఇంట్లో ఉంటున్నప్పుడు ఇంకొకరి పేరు ఎందుకు?

జవాబు – పాత దస్తావేజు

మీరు ఇంట్లో ఉన్నంతకాలం మీ పేరే ఇవ్వవచ్చేమో ఆ కార్యాలయంలోనే అడగండి. కాని మీరు ఊరు వెళ్లిన రాత్రి పై గదిలో సందడి మొదలైతే పొరుగువారు ఎవరికి ఫోన్ చేయాలన్నదే ఆ గడి ఉద్దేశం. నిజానికి లైసెన్సులు రద్దయ్యేదాకా వెళ్లే ఫిర్యాదులు చాలావరకు రాత్రి గోల, చెత్త, దారికి అడ్డంగా నిలిపిన కార్ల గురించినవే. నేనైతే దరఖాస్తు పెట్టకముందే పక్కింటివారికి ఆ నంబరు స్వయంగా ఇచ్చి వచ్చాను, ఇంతవరకు రెండుసార్లే ఫోన్ చేశారు, రెండుసార్లూ చెత్తడబ్బా గురించే.

మరొకటి: మీరు ఊళ్లో లేని రోజుల్లో గది ఇస్తే, యజమాని ఉన్న ఇల్లుగా తీసుకున్న అనుమతి ఆ రోజులకు వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే అడిగి, జవాబును రాతలో తీసుకోండి. అనుమతి సంఖ్య చేతికి వచ్చాకే ప్రకటన పెట్టండి, ఆ సంఖ్య ప్రకటనలో కనిపించకపోవడమే కొన్ని నగరాల్లో విడిగా ఒక తప్పు.